బయోడీజిల్‌కి చలికాలం పెట్టిన పరీక్ష

బయోడీజిల్ అభిమానులు ముందుగా ఎత్తుకునే కథ రుడాల్ఫ్ డీజిల్‌ది. ఆయన తన ఇంజన్‌ని వేరుశనగ నూనె కోసమే తయారుచేశాడట, చమురు కంపెనీలు ఆ సంగతిని తొక్కిపెట్టాయట! నిజం ఇంత రసవత్తరంగా లేదు. 1900లో పారిస్ ప్రదర్శనలో ఒట్టో కంపెనీ వాళ్లు ఒక చిన్న డీజిల్ ఇంజన్‌ని వేరుశనగ నూనెతో నడిపి చూపించారు. ఆ ఆలోచన ఫ్రెంచి ప్రభుత్వానిది, ఎందుకంటే దాని ఆఫ్రికా వలసల్లో వేరుశనగ బాగా పండేది. ఆ ఇంజన్ ఖనిజ తైలం కోసం తయారైందేనని, ఏ మార్పూ చేయకుండానే వేరుశనగ నూనెతో నడిచిందని చెప్పింది స్వయానా డీజిలే.

ఆ ప్రదర్శన ఏప్రిల్‌లో మొదలై నవంబరులో ముగిసింది. 1937లో బెల్జియంలో షవాన్ అనే ఆయన పామాయిల్ వంటి నూనెల్ని ఆల్కహాల్‌తో ఇంధనంగా మార్చే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. ఇవాళ్టి బయోడీజిల్‌కి మూలం అదే. ఆ ఇంధనంతో బ్రస్సెల్స్, లూవెన్ పట్టణాల మధ్య బస్సు కూడా నడిచింది. ఎప్పుడు? 1938 వేసవిలో. అంటే చెప్పుకునే విజయాలు రెండూ గడ్డకట్టే చలి లేని రోజుల్లోవే. అనుకూలమైన చోట చేసి చూపించింది పూర్తి రుజువు కాదని బాబాల విషయంలో మనం రోజూ చెప్పేదే కదా.

అలాగని ఇది 1996 నాటి రామర్ పిళ్ళై మూలికా పెట్రోలు లాంటి మోసం కాదు. ఇందులోని రసాయనశాస్త్రం నిజమైనదే. చిక్కల్లా కొవ్వుతోనే. చలికి కొబ్బరినూనె సీసాలో పేరుకుపోవడం మనందరికీ తెలుసు. నూనెని బయోడీజిల్‌గా మార్చినా ఈ గుణం పూర్తిగా పోదు. సోయా బయోడీజిల్ సుమారు సున్నా డిగ్రీల దగ్గర మసకబారుతుంది. పామాయిల్‌తో చేసిందైతే పది డిగ్రీల పైనే. ఆ మసక ఫిల్టర్‌ని మూసేస్తే ఇంజన్‌కి ఇంధనం అందదు.

అసలు పాఠం అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రానిది. 2005 సెప్టెంబరు 29 నుంచి అక్కడ డీజిల్‌లో 2 శాతం బయోడీజిల్ కలపడం తప్పనిసరి చేశారు. డిసెంబరు వచ్చేసరికి లారీల ఫిల్టర్లు పూడుకుపోయాయి, నిబంధనని కొన్నాళ్లు పక్కనపెట్టారు. చలినే నిందించి ఊరుకోవచ్చు. కానీ కలిపింది రెండు శాతమేగా? పరీక్షిస్తే కొంత సరుకులో గ్లిజరిన్ పరిమితికి మించి ఉందని తేలింది. తయారీలో జరిగిన తప్పుని చలి బయటపెట్టిందన్నమాట.

ఇంట్లో డ్రమ్ములో పాత వంటనూనె, మిథనాల్, కాస్టిక్ సోడా కలిపి చేసుకునేవాళ్లకి సరిగ్గా ఇదే ప్రమాదం. చర్య సగంలో ఆగితే సగం మారిన కొవ్వులు మిగులుతాయి. సరిగా కడగకపోతే గ్లిజరిన్, సబ్బు కూడా ఉండిపోతాయి. వేసవంతా బండి హాయిగా నడుస్తుంది కనక చేసినవాడికి నమ్మకం కుదురుతుంది. జనవరి రాత్రి బండి ఆగితే తిట్లు తినేది బయోడీజిల్!

2008లో అమెరికా ప్రమాణాల్లో ఒక కొత్త పరీక్ష చేరింది. 300 మిల్లీలీటర్ల బయోడీజిల్‌ని 4.4 డిగ్రీల దగ్గర 16 గంటలు ఉంచి, మళ్లీ 25 డిగ్రీలకి తెచ్చి వడపోస్తారు. 360 సెకన్లలో వడకట్టుకోవాలి. మళ్లీ వేడెక్కించి వడపోయడంలోనే కిటుకుంది, ఎందుకంటే చలికి విడివడిన కొన్ని పదార్థాలు వెచ్చబడ్డాక కూడా కరగవు. "ఎండెక్కితే అదే సర్దుకుంటుందిలే" అనే ధీమా ఇక్కడ పనిచేయదు. కిరోసిన్ కలిపితే మైనం గడ్డకట్టడం తగ్గుతుందేమోగానీ ఈ మడ్డి మాయం కాదు.

ఇంట్లో చేసుకునేవాళ్లు ఒక గాజు సీసాడు తీసి రాత్రంతా చల్లని చోట పెట్టి, వెచ్చబడ్డాక అడుగున చూడొచ్చు. మడ్డి కనిపిస్తే ట్యాంకులో పోయకూడదు. కనిపించకపోతే మాత్రం అంతా బాగున్నట్టు కాదు, ఫిల్టర్‌ని మూసేసే రేణువులు కంటికి ఆనవు.