గ్రహశకలముల వర్ణపరీక్ష

1801వ సంవత్సరము జనవరి 1వ తేదీ రాత్రి సిసిలీ ద్వీపమందలి పాలెర్మో వేధశాలలో పియాజ్జి సిరీసును కనుగొన్నది మొదలు కుజగురుల కక్ష్యల నడుమ సంచరించు లఘుగ్రహముల పట్టిక ఏటేట పెరుగుచు వచ్చినను, అవి యే పదార్థముతో నేర్పడినవో తెలుపగల శాస్త్రము మాత్రము శతాబ్దము గడచిన పిమ్మటగాని తలయెత్తలేదు. ఆనాటి ఖగోళజ్ఞుల పరిశ్రమ మిక్కుటముగ కక్ష్యాగణితమునకే చెల్లిపోయెను. ఎంతటి దూరదర్శినిలోనైనను చుక్కగానే కానవచ్చు వస్తువు శిలయా, లోహమా, బొగ్గువంటి నల్లని మట్టియా యని విచారించుట వారికి వ్యర్థప్రసంగముగ తోచియుండును.

అయినను ఈ విద్యకు కావలసిన కొలబద్ద ఆ కాలముననే సిద్ధమైనది. దానిని సిద్ధపరచిన నార్మన్ పాగ్సన్‌నకు మన దేశముతో సంబంధము కలదు. 1856లో ఆక్స్‌ఫర్డునందుండగా అతడు, నక్షత్రముల కాంతితరగతులలో ఐదు మెట్ల యంతరము నూరురెట్ల కాంతిభేదమునకు సమానముగ నుండవలెననియు, అనగా ఒక్కొక్క మెట్టునకు నిష్పత్తి 2.512గా నుండవలెననియు ప్రతిపాదించెను. పిదప 1861లో, నాడు సర్కారు జిల్లాలకును రాజధానియైన చెన్నపట్టణమునకు ప్రభుత్వ ఖగోళజ్ఞుడుగ వచ్చి, ఆ యేడు ఏప్రిలు నెలలోనే ఒక లఘుగ్రహమును పట్టి, ఈ ఖండమునుండి కనుగొనబడిన వానిలో మొదటిది గావున దానికి ఏషియా యని పేరిడెను. సాఫో, సిల్వియా, కమిల్లా యనునవియు తరువాత చెన్నపట్టణముననే అతనికి దొరకినవి. అతని కొలబద్దతో ఒకే వస్తువును నీలిగాజు గుండ ఒకసారియు, పసుపుగాజు గుండ మరియొకసారియు చూచి, ఆ రెండు కాంతితరగతుల భేదమును గణించినచో అదియే దాని వర్ణసూచిక. తాను పట్టిన చుక్కల జాతులను ఒకనాడు తన కొలబద్దయే నిర్ణయింపగలదని పాగ్సన్ ఎరుగడు.

1929లో కాలిఫోర్నియాయందలి లిక్ వేధశాలలో బొబ్రోవ్నికాఫ్ అను రష్యాదేశీయుడు 36 అంగుళముల దూరదర్శినితో కొన్ని లఘుగ్రహముల వర్ణపటములను తీసి, అన్నియు సూర్యకాంతినే ప్రతిఫలింపజేయుచున్నను అన్నిటి వన్నెయు ఒకటి కాదని తెలిపెను. లోకము ఆ మాటను చిరకాలము పట్టించుకొనలేదు. కాంతివిద్యుత్ ఘటములు వచ్చిన పిదప, 1950 ప్రాంతమునుండి, కంటికందని సూక్ష్మభేదములు అంకెలలోనికి దిగినవి. సూర్యుని వర్ణసూచిక ఇంచుమించుగ 0.65 కాగా, కొన్ని శకలములు 0.70 దగ్గరను, మరికొన్ని 0.85 దగ్గరను గుంపుగూడెను. మొదటివి బూడిదవన్నెవి, రెండవవి ఎఱ్ఱజాయ గలవి. 1975లో చాప్మన్, మారిసన్, జెల్నర్ అను మువ్వురు రంగుతోపాటు ఉష్ణకిరణములను, కాంతిధ్రువణమును గూడ సాక్ష్యముగ గైకొని, నల్లని కర్బనజాతికి సీ యనియు, సిలికాజాతికి ఎస్ యనియు సంకేతములు నిలిపిరి. తదుపరి ఎనిమిది వర్ణములతో 589 శకలములను పరీక్షించిన కొలతల నాధారముగ గొని థోలెన్ 1984లో కూర్చిన పట్టిక 14 జాతులకు పెరిగినది. వాని నన్నిటిని ఏకరువు పెట్టుటవలన చదువరికి విసుగు దప్ప ఫలము లేదు.

కాని ఈ పరీక్షకు మొదటినుండియు ఒక చిక్కు వెంటనున్నది. పడుచుండగా జనులు చూచి యేరిన ఉల్కాశిలలలో నూటికి 80 వంతులు సామాన్య కాండ్రైటులు. భూమికి చేరువగ వచ్చు శకలములలో ఎస్ జాతివి విస్తారము. ఐనను ప్రయోగశాలలోని కాండ్రైటుపొడి రంగును ఎస్ జాతి రంగుతో సరిపోల్చినచో రెండును కలియవు, శకలమే మిక్కిలి ఎఱ్ఱనై కనుపించును. రెండింటికిని సంబంధమే లేదని కొందరనిరి. సౌరపవనమును, సూక్ష్మోల్కల తాకిడియు శిలాతలమును కాలక్రమమున మార్చివేయునని కొందరు వాదించిరి. దశాబ్దముల కొలది సాగిన యీ తగవు తుదకు దూరదర్శినితో గాక, చేత జిక్కిన మట్టితో తీరినది. జపానువారి హయబుసా నౌక 2005లో అరకిలోమీటరు పొడవుగల ఎస్ జాతి ఇటోకవా శకలముపై దిగి, 2010 జూన్ 13న ఆస్ట్రేలియాలోని ఊమెరా ఎడారియందు వదలిన పేటికలో, సూక్ష్మదర్శినికిగాని యందని ధూళికణములు కానవచ్చెను. అవి కాండ్రైటు పదార్థమే. వాని పైపొరలో మాత్రము అతిసూక్ష్మమైన ఇనుపరేణువులు ఏర్పడియుండెను. ఎఱ్ఱదనమునకు కారణ మా రేణువులే.

పెద్ద శకలములకైనచో తాపీగా వర్ణపటము తీయవచ్చును గాని, పదుల మీటర్ల చిన్నవానికి ఆ సావకాశము లేదు. భూమికి చేరువైన కొలది దినములలో మాత్రమే అవి కానవచ్చి, పిదప మసకబారి మాయమగును. వచ్చు కొద్దిపాటి కాంతిని వర్ణపటముగ పరచినచో ఒక్కొక్క భాగమునకు దక్కునది అత్యల్పము. అందుచేత వెడల్పైన కొన్ని ఫిల్టర్లతో రంగును మాత్రము కొలుచుట వాడుకయైనది. ఇందొక మెలకువ గలదు. ఇట్టి శకలములు పెక్కు కొన్ని నిమిషములలోనే ఒక చుట్టు తిరుగునవి గావున, ఫిల్టరు మార్చులోపలనే వాని వెలుగు హెచ్చి తగ్గును. దానిని రంగుభేదమని భ్రమింపకుండుటకై పరిశీలకుడు ఎఱ్ఱఫిల్టరుతో నొక చిత్రము, పచ్చదానితో నొకటి, మరల ఎఱ్ఱదానితో, పిదప పరారుణపు అంచునందలి దానితో, మరల ఎఱ్ఱదానితో, ఇట్లు ప్రతి కొలతకును ముందువెనుకల ఎఱ్ఱచిత్రమును కావలి యుంచి నడిమి వెలుగును గణించును. సూర్యుని బోలిన యొక నక్షత్రమును అవే ఫిల్టర్లతో చూచి, దాని రంగును తీసివేయగా మిగిలినది శిల రంగు. ఈ కొలత ఎస్ జాతిని సీ జాతినుండి వేరుచేయగలదు గాని, ఎక్స్ అను కూటమిలో లోహమేదో, నల్లమట్టి యేదో తేల్చజాలదు.

2008 అక్టోబరు 6న ఆరిజోనాలోని లెమన్ పర్వతముపై ఆకాశమును గాలించుచున్న దూరదర్శినికి నాలుగు మీటర్ల శకలమొకటి చిక్కెను. అది 20 గంటలలో భూమిని తాకునని లెక్క తేలినది. తాకకమునుపే గుర్తింపబడిన వానిలో 2008 టీసీ3 అను నిదియే మొదటిది. ఆ కొద్ది వ్యవధిలోనే కానరీ ద్వీపములందలి హెర్షెల్ దూరదర్శినితో దాని వర్ణపటమును తీసి, వంపులు లేక చదునుగ నున్న ఆ రేఖనుబట్టి థోలెన్ పట్టికలోని ఎఫ్ జాతిగ నెంచిరి. మరునాటి వేకువను అది సూడానులోని నూబియా ఎడారిపై పేలిపోయెను. డిసెంబరులో ఖార్టూమ్ విశ్వవిద్యాలయ విద్యార్థులు వరుసగట్టి యిసుకలో నడచి నల్లని రాళ్లను ఏరి తెచ్చిరి. అందు అధికభాగము యూరిలైటులను ఉల్కాశిలలగుటచే, ఆకాశమునందలి ఒక జాతికిని చేతిలోని శిలకును సంబంధము ప్రత్యక్షముగ కుదిరినది. కాని ఆ కుప్పలోనే ఎన్‌స్టటైటు కాండ్రైటులును, సామాన్య కాండ్రైటులును బయటపడి, పట్టికలో ఒక్క యక్షరముతో సరిపెట్టిన దేహము నానాజాతి శిలల కూటమియని తేలుటతో, తక్కిన అక్షరముల వెనుక నేమేమి యున్నదో యను ప్రశ్న వర్గకారులకు క్రొత్తగ తగులుకొన్నది.