కారు చేసినాయన వద్దన్నాడు, రేసర్ బిగించాడు: బ్లోయర్ బెంట్లీ కథ

కార్ల పిచ్చి ఉన్న ప్రతి ఒక్కరూ ఏదో ఒక రోజు అడిగే ప్రశ్న ఒకటుంది. "అన్నా, బయట సూపర్‌చార్జర్ కిట్ కొని నా కారుకి పెట్టించుకుంటే ఏమవుతుంది?" ఈ ప్రశ్నకి దాదాపు వందేళ్ళ కిందటే ఇంగ్లండ్‌లో ఇద్దరు మనుషులు సమాధానం వెతికారు. ఇద్దరూ ఒకే కారు గురించి గొడవపడ్డారు. ఈరోజు ఎపిసోడ్ ఆ గొడవ గురించే.

ముందు సూపర్‌చార్జర్ అంటే ఏంటో రెండు ముక్కల్లో చెప్పేస్తాను. ఇంజిన్ గాలి పీల్చుకుంటుంది, పెట్రోల్ కలుపుకుంటుంది, కాలుస్తుంది. ఎంత గాలి లోపలికి వెళ్తే అంత పెట్రోల్ కాల్చొచ్చు, అంత పవర్ వస్తుంది. మామూలు ఇంజిన్ తనకు చేతనైనంత పీల్చుకుంటుంది. సూపర్‌చార్జర్ ఉంటే ఆ గాలిని బలవంతంగా లోపలికి తోస్తుంది. టర్బో కూడా చేసేది ఇదే. కాకపోతే టర్బోని పొగ తిప్పుతుంది, సూపర్‌చార్జర్‌ని ఇంజినే తిప్పాలి.

ఇందులో పాత రకం పేరు రూట్స్ బ్లోయర్. అమెరికాలో ఇండియానా రాష్ట్రంలోని కానర్స్‌విల్‌లో రూట్స్ అన్నదమ్ములు 1860లో దీనికి పేటెంట్ తీసుకున్నారు. అప్పటికి కార్లే లేవు! కొలిమిలకి, గనులకి గాలి కొట్టే మిషన్ అన్నమాట. చెరుకు రసం బండి చూశారుగా? అందులో రోలర్లలాగే ఇందులోనూ రెండు రోటర్లు ఎదురెదురుగా తిరుగుతాయి. చెరుకు మధ్యలోంచి వెళ్తుంది, ఇక్కడ గాలి మాత్రం రోటర్ల పక్కల నుంచి చుట్టి వెళ్తుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో విమానం పైకి వెళ్ళేకొద్దీ గాలి పల్చబడి ఇంజిన్‌కి ఊపిరాడకపోతుంటే, ఇలా గాలి తోసే పద్ధతిని విమానాలకి తెచ్చారు. యుద్ధం అయ్యాక జర్మనీ వాళ్ళు దాన్ని మెర్సిడెస్ కార్లలోకి దించారు.

ఇప్పుడు అసలు కథలోకి వద్దాం. డబ్ల్యూ.ఓ. బెంట్లీ. పేరు చూస్తేనే అర్థమైపోతుంది, కంపెనీ పెట్టినాయన. ఆయన నమ్మకం చాలా సింపుల్: ఎక్కువ పవర్ కావాలా, ఇంజిన్‌నే పెద్దది చెయ్యి. 3 లీటర్లు చాలలేదా, 4½ లీటర్లు చెయ్యి. అదీ చాలలేదా, ఆరు సిలిండర్లతో 6½ లీటర్లు. దాని స్పోర్ట్స్ రకమే స్పీడ్ సిక్స్. చక్కగా లెక్కేసి కట్టిన ఇంజిన్‌కి బయటి నుంచి పంపు తగిలించడం ఆయనకి అస్సలు నచ్చేది కాదు. డిజైన్ పాడైపోతుందని ఆయన బాధ.

రెండో మనిషి టిమ్ బిర్కిన్. నాటింగ్‌హామ్‌లో లేస్ వ్యాపారం చేసే డబ్బున్న కుటుంబం, యుద్ధంలో పైలట్. మాట కాస్త తడబడేది గానీ స్టీరింగ్ పట్టుకుంటే తడబాటే లేదు. మెడలో చుక్కల సిల్క్ స్కార్ఫ్ కట్టుకుని రేసులకి వచ్చేవాడు. మెర్సిడెస్ వేగం చూశాక, 4½ లీటర్ బెంట్లీకి సూపర్‌చార్జర్ పెట్టాల్సిందేనని పట్టుబట్టాడు.

అప్పటికే కంపెనీ పగ్గాలు డబ్బు పెట్టిన వుల్ఫ్ బార్నటో చేతిలో ఉన్నాయి. ఆయన సరే అన్నాడు. కారు మీద పేరు బెంట్లీది, మాట మాత్రం చెల్లలేదు! ఆమ్‌హర్స్ట్ విలియర్స్ అనే ఇంజినీర్ సూపర్‌చార్జర్ డిజైన్ చేశాడు. వెల్విన్‌లో బిర్కిన్ సొంత వర్క్‌షాప్ పెట్టాడు. ఖర్చుకి డబ్బు డోరతీ పాజెట్ ఇచ్చింది. రేసు గుర్రాలు పెంచే శ్రీమంతురాలు ఆవిడ. లె మాన్‌లో దిగాలంటే ఆ మోడల్ 50 కార్లు తయారుచేయాలని రూల్. దాంతో కంపెనీ 50 కార్లు కట్టింది, బిర్కిన్ టీమ్‌వి 5 అదనం.

ఫోటో వెతికి చూడండి. బ్లోయర్ రేడియేటర్ కింద ముందుకి పొడుచుకొచ్చి ఉంటుంది. బెల్టు లేకుండా క్రాంక్‌షాఫ్ట్ ముందు కొసకే నేరుగా బిగించారు కాబట్టి అది అక్కడే ఉండాలి. రెండు కార్బ్యురేటర్లు దాని పక్కనే. ఫలితం? మామూలు 4½ లీటర్ కారు 110 హార్స్‌పవర్, రోడ్డు బ్లోయర్ 175, రేసు బ్లోయర్ 240. రెట్టింపు కంటే ఎక్కువ!

మరి బెంట్లీ బాధ ఎందుకు? సైకిల్ పంపు గబగబా కొట్టి కింద చెయ్యి పెట్టి చూడండి, కాలుతుంది. గాలిని నొక్కితే వేడెక్కుతుంది. ఆ వేడి గాలి, ఎక్కువ పెట్రోల్ కలిసి సిలిండర్‌లో పేలితే పిస్టన్, కనెక్టింగ్ రాడ్, బేరింగ్, అన్నిటి మీదా అనుకోని బరువు పడుతుంది. అందుకే బ్లోయర్ కార్లకి క్రాంక్‌షాఫ్ట్ కూడా గట్టిది వేయాల్సి వచ్చింది. నన్నడిగితే ఈ కథలో అసలు పాయింట్ ఇదే. కిట్ అని మనం అనుకునేది ఆ పంపు ఒక్కటే. కానీ పని పడేది మొత్తం ఇంజిన్ మీద.

1930 జూన్, లె మాన్, 24 గంటల రేసు. ఒకవైపు కారాచియోలా నడిపే 7 లీటర్ల మెర్సిడెస్. దాని సూపర్‌చార్జర్ ఎప్పుడూ తిరగదు. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితేనే తగులుకుంటుంది, పెద్దగా కీచుమంటుంది. జర్మన్లు దాన్ని కాసేపే వాడేలా కట్టారు. బెంట్లీది అలా కాదు, ఇంజిన్ తిరిగినంతసేపూ తిరగాల్సిందే. మొదటి ల్యాప్‌లలోనే బిర్కిన్ చక్రాలు గడ్డిలోకి వెళ్ళేలా పక్కనుంచి దూసుకెళ్ళి మెర్సిడెస్‌ని దాటేశాడు. టైరు పై పొర ఊడి ఎగిరిపోతున్నా ఆగలేదు.

రాత్రి మెర్సిడెస్ ఆగిపోయింది, కరెంటు ప్రాబ్లమ్ అన్నారు. మరి బ్లోయర్లు? రేసులో దిగిన రెండూ ఇంజిన్లు దెబ్బతిని మధ్యలోనే ఆగిపోయాయి. గెలిచింది ఎవరు? సూపర్‌చార్జర్ లేని స్పీడ్ సిక్స్! రెండో స్థానం కూడా స్పీడ్ సిక్స్‌దే. ఇంకో తమాషా, అంతకు ముందు ఏడాది 1929లో స్పీడ్ సిక్స్‌లో లె మాన్ గెలిచిన ఇద్దరిలో ఒకడు బిర్కినే!

అయితే బ్లోయర్ చెత్త కారు అంటే నేను ఒప్పుకోను. అదే ఏడాది సెప్టెంబర్‌లో పో పట్టణంలో జరిగిన ఫ్రెంచ్ గ్రాండ్ ప్రీ చూడండి. చిన్న చిన్న బుగాటీల మధ్య ఈ ఏనుగులాంటి కారుని తోలి బిర్కిన్ రెండో స్థానంలో వచ్చాడు. 24 గంటల ఓపిక దానికి లేదు, అంతే.

తర్వాత అన్నీ వేగంగా జరిగిపోయాయి. 1930 చివర్లో పాజెట్ టీమ్‌కి డబ్బు ఆపేసింది, ఒక్క సింగిల్ సీటర్‌ని మాత్రం ఉంచుకుంది. 1931లో బెంట్లీ కంపెనీ అప్పుల్లో మునిగి రోల్స్ రాయిస్ చేతికి వెళ్ళింది. అన్నిటికీ బ్లోయరే కారణం అనేవాళ్ళున్నారు గానీ, అప్పుడు ప్రపంచమంతా ఆర్థిక మాంద్యంలో ఉందని మర్చిపోకూడదు. 1932లో ఆ ఎర్ర సింగిల్ సీటర్‌తో బిర్కిన్ బ్రూక్‌లాండ్స్ ట్రాక్ మీద గంటకి 222 కిలోమీటర్ల వేగంతో రికార్డు కొట్టాడు. మరుసటి ఏడాది ట్రిపోలీ రేసులో వేడి ఎగ్జాస్ట్ పైపు తగిలి చెయ్యి కాలింది. కొన్ని వారాలకే చనిపోయాడు. వయసు 36.

ఇక మీ ప్రశ్న. మన దేశంలో అయితే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఉంది. అనుమతి లేకుండా ఆర్‌సీ వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు, 2019లో సుప్రీంకోర్టు కూడా గట్టిగానే చెప్పింది. అది పక్కన పెట్టినా, కిట్ అమ్మేవాణ్ణి "ఎంత పవర్ పెరుగుతుంది" అని కాదు, "నా పిస్టన్, నా క్లచ్, నా బ్రేకులు దీన్ని ఎంతకాలం తట్టుకుంటాయి" అని అడగండి.

చివరిగా ఒకటి. 1953లో వచ్చిన మొదటి జేమ్స్ బాండ్ నవల క్యాసినో రాయల్‌లో బాండ్ నడిపేది ఏ కారో తెలుసా? విలియర్స్ సూపర్‌చార్జర్ ఉన్న 4½ లీటర్ బెంట్లీ. ఇక బిర్కిన్ సింగిల్ సీటర్ 2012లో వేలానికి వస్తే 50 లక్షల పౌండ్లకి పైనే పలికింది.