పేరు ఒకటే, ఫైళ్ళు రెండు
పైథాన్ భాషలో యాదృచ్ఛిక సంఖ్యలు కావలసినవాడు ‘ఇంపోర్ట్ రాండమ్’ అని వ్రాసిన చాలును. ఆ మాడ్యూలు ఏ ఫోల్డరులో నున్నదో చెప్పనక్కరలేదు. ప్రోగ్రామును నడిపించు ఇంటర్‌ప్రెటరు వద్ద ఫోల్డర్ల పట్టిక యుండును. అది వరుసగా వెదకుచు, ఆ పేరు మొదట ఎచ్చట దొరకునో అచ్చటనే ఆగును. పట్టికలో ముందుండునది సాధారణముగా ప్రోగ్రామున్న ఫోల్డరే. చిక్కంతయు ఇక్కడనే! విద్యార్థి యొకడు తన ఫైలునకు ‘రాండమ్’ అనియే పేరు పెట్టెననుకొనుడు. అసలు మాడ్యూలు మరుగునపడి, ప్రోగ్రాము తన్ను తానే తెచ్చుకొనును.

గీడో వాన్ రోసమ్ ఆమ్‌స్టర్‌డామ్‌లో రూపొందించిన ఈ భాష 1991లో వెలువడినది. తరువాత మాడ్యూళ్ళను ప్యాకేజీలుగా కూర్చు పద్ధతి వచ్చి, చిక్కు ముదిరినది. ప్యాకేజీలోని ఫైలు ఏది కోరినను మొదట ఆ ప్యాకేజీలోనే వెదకెడివారు. పంక్తిని చదివినవానికి అది ఇంటిదో బయటిదో తెలియదు. 2003లో ప్రతిపాదించిన సంస్కరణ 2006లో 2.5వ కూర్పున ఐచ్ఛికముగను, 2008లో 3.0వ కూర్పున తప్పనిసరిగను వచ్చినది: ఇంటి మాడ్యూలును చుక్కతో గుర్తింపవలెను. ఒక్క చుక్క! దానితో ఆ సందేహము తీరినది.

విద్యార్థి చిక్కు మాత్రము తీరలేదు. అతని ఫోల్డరు పట్టికలో ఇంకను ముందే యున్నది. దానిని చేర్చకుండ నడుపు వీలు 2022లో 3.11వ కూర్పు కల్పించినది గాని, అది కోరినవారికే. 2024లో వచ్చిన 3.13వ కూర్పు, ఇట్టి పొరపాటు కనిపించినచో, ఫైలు పేరు మార్చి చూడుమని తప్పును తెలుపు సందేశములోనే సూచించును.