ఏరు దాటితేనే కోనసీమ

కాకినాడ నుంచి అమలాపురం ఇప్పుడు గంటన్నర ప్రయాణం. యానాం దగ్గర వంతెనెక్కితే ఎదుర్లంకలో దిగుతాం. కింద గౌతమి పారుతోందన్న సంగతి బస్సులో కునికిపాట్లు పడేవాడికి తెలియను కూడా తెలియదు. నేను మాత్రం తొందర లేనప్పుడల్లా కోటిపల్లి మీదుగానే వెళతాను. అక్కడ రేవులో పంటు ఎక్కాలి. మోటారు సైకిళ్ళు, పాల క్యాన్లు, పసుపు బట్టల్లో పెళ్ళివారు, మధ్యలో ఒకటో రెండో కార్లు, అన్నిటికీ అదే పంటు. "ఆయ్, బళ్ళు ఆ పక్కకండీ, మనుషులు ఈ పక్కకండీ" అని సరంగు కేకేస్తాడు. మోటారు దగ్గుతుంది, ఒడ్డు నెమ్మదిగా వెనక్కి జరుగుతుంది. అవతలి గట్టు మొదట ఒక పచ్చటి గీతలా కనిపిస్తుంది. కాసేపటికి ఆ గీతలోంచి కొబ్బరిచెట్లు ఒక్కొక్కటే విడివడతాయి. అదే ముక్తేశ్వరం. కోనసీమని మొదటిసారి చూడాల్సింది ఇలాగే.

ఇలాగే చూడాలనడానికి కారణం ఉంది. ఈ సీమలో యాత్రికుడు వెతుక్కుంటూ వచ్చేవన్నీ, గుళ్ళూ తీర్థాలూ కాలువలూ తోటలూ ఇచ్చే చేతులూ అన్నీ, ఏరు దాటడం కష్టమైన రోజుల్లో పుట్టినవే.

కోన అంటే మూల. ధవళేశ్వరం దగ్గర గోదావరి చీలుతుంది. తూర్పు పాయ గౌతమి, పడమటిది వశిష్ఠ. ఈ రెండూ సముద్రం వైపు ఎడమవుతూ పోతే మధ్యలో మూడు మూలల నేల మిగిలింది. రెండు పక్కల ఏరు, మూడో పక్క బంగాళాఖాతం. అది చాలదన్నట్టు వశిష్ఠలోంచి వైనతేయ ఇంకో పాయగా విడివడి, రాజోలు వైపు నేలని అమలాపురం వైపు నేల నుంచి వేరు చేసింది. అంటే దీవిలో మళ్ళీ దీవి. లంకలు వేరే. బొబ్బర్లంక, ఎదుర్లంక, వక్కలంక, బండారులంక: ఊరి పేర్లు చదువుకుంటూ పోయినా నీళ్ళ చప్పుడు వినిపిస్తుంది.

ఈ నేల ఎప్పుడూ ఇంత పచ్చగా లేదు. బయటివాళ్ళు దీన్ని ప్రకృతి ఇచ్చిన అందం అంటారుగానీ, ఆ మాటలో సగమే నిజం. పంతొమ్మిదో శతాబ్దం మొదటి సగంలో గోదావరి ప్రాంతం కరువులకీ వరదలకీ తుపానులకీ పేరుమోసిన చోటు. వానాకాలంలో ఏరు ఊళ్ళమీద పడేది, ఎండాకాలంలో అదే ఏరు ఇసకలో ఎక్కడో సన్నగా పారేది. 1821లో 7 లక్షల 38 వేలున్న రాజమండ్రి జిల్లా జనాభా 1841కి 5 లక్షల 61 వేలకి పడిపోయింది. గోదావరి ఒడ్డునే ఉండి జనం ఆకలికి చచ్చారు. 1844లో ఇంజనీరు ఆర్థర్ కాటన్ వచ్చి చూసి నివేదిక రాశాడు. 1847లో పని మొదలుపెట్టి 1852కి ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట నిలబెట్టాడు. ఇప్పుడు మనం చూసే బ్యారేజీ ఆ తర్వాతిది, 1970లలో మొదలై 1980లలో పూర్తయింది.

ఆనకట్ట గురించి అందరూ రాస్తారు. నాకు కాలువలంటేనే ఎక్కువ ఇష్టం. మధ్య డెల్టా కాలువ బొబ్బర్లంక దగ్గర తలెత్తి, ఆత్రేయపురం మండలంలోని లొల్ల దగ్గరికి వచ్చి పాయలుగా చీలుతుంది. లొల్ల లాకుల దగ్గర ఇప్పుడు సెలవురోజుల్లో కుర్రాళ్ళు ఫోటోలు దిగుతుంటారు. ఆ లాకు దేనికి కట్టారో వాళ్ళలో ఎంతమందికి తెలుసోగానీ, అది పడవకి కట్టిన మెట్టు. కాలువలో పైనీటికీ కిందినీటికీ ఎత్తులో తేడా ఉంటుంది. పడవ మెట్లెక్కలేదు కదా. అందుకని రెండు తలుపుల మధ్య ఒక గది కడతారు. కిందనుంచి వచ్చిన పడవ గదిలోకి దూరగానే వెనక తలుపు మూస్తారు, ముందు తలుపు తూములోంచి నీళ్ళు వదులుతారు. గది నిండుతుంటే పడవ ఉన్నచోటనే పైకి లేస్తుంది. రెండువైపులా నీళ్ళు సమం కాగానే ముందు తలుపు ఎవరూ పెద్దగా నెట్టకుండానే తెరుచుకుంటుంది. రైలు లేని, రోడ్డు సరిగా లేని సీమకి కాలువే రాచబాట అయింది. ధాన్యమూ కొబ్బరికాయా పైకి పోయేవి, పెళ్ళికూతుళ్ళూ యాత్రికులూ కిందికి వచ్చేవారు.

కొబ్బరిని కాటన్ తేలేదు. అది ముందే ఉంది. ఏడాది పొడుగునా వేరు తడిసేలా చేసింది మాత్రం కాలువే. ఆ తడితోనే దింపు కార్మికుడికీ, ఒలుపు కార్మికుడికీ, అంబాజీపేట కొబ్బరి మార్కెట్టుకీ బతుకుతెరువు దొరికింది. ఆ పచ్చదనం కూడా ఎడతెగకుండా నిలిచింది కాదు. 1996 నవంబరు 6న వచ్చిన తుపాను తోటలకు తోటల్నే పడుకోబెట్టింది. ఆ ఉదయం చెట్లన్నీ ఒకే దిక్కుకి తల పెట్టి పడి ఉన్నాయని మా వైపు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇవాళ యాత్రికుడు నీడలో నిలబడి మెచ్చుకునే తోటల్లో, ఆ తర్వాత గోతులు తవ్వి మళ్ళీ నాటినవి ఎన్నో.

కాలువ వైనతేయ ఒడ్డుకి వచ్చి ఆగిపోయింది. అవతల రాజోలు వైపు నేల ఎండుతోంది, మధ్యలో ఏరు. అప్పుడు చేసిన పని ఇప్పటికీ వింతే: ఏటి మీదుగా కాలువనే నడిపించారు. 1850ల మొదట్లో లెఫ్టినెంట్ హేగ్ అనే ఇంజనీరు గన్నవరం దగ్గర 49 కమానుల మీద అక్విడక్టు కట్టాడు. కింద నది సముద్రానికి పోతుంటుంది, పైన కాలువ దానికి అడ్డంగా పొలాలకి పోతుంటుంది. ఒక నీటి మీద ఇంకో నీరు. దాని పక్కన నిలబడి కమానుల్ని లెక్కపెట్టడం మొదలుపెడితే సగంలో లెక్క తప్పుతుంది. సాయంత్రపు ఎండలో వాటి నీడలు కింద నీళ్ళలో పడి ఒక్కొక్కటీ నిండు సున్నాలా కనిపిస్తుంది. పాతదాని పక్కన పాతికేళ్ళ కిందట కొత్త అక్విడక్టు కట్టారు. దానికి ఇంజనీరు పేరో మంత్రి పేరో పెట్టకుండా డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. ఇంతకన్నా సరైన పేరు నాకు తోచదు.

సీతమ్మ గారు పుట్టింది 1841లో. లంకల గన్నవరానికి డొక్కా జోగన్న గారి ఇల్లాలిగా వచ్చారు. వైనతేయ ఒడ్డున ఊరు, రేవు దాటే జనం. వరదొస్తే పడవ కదలదు, పొద్దుపోతే పడవ ఉండదు. దారిలో ఆగిపోయినవాడికి పూటకూళ్ళిల్లు లేదు, సత్రం లేదు. ఆవిడ ఇల్లే ఉంది. వేళ కాని వేళ వచ్చినా, ఎవరొచ్చినా విస్తరి వేశారు. ఓసారి ఆవిడ అంతర్వేది కల్యాణానికి బయల్దేరారట. దారిలో ఓ పెళ్ళిబృందం ఎదురైంది, పిల్లలు ఆకలని ఏడుస్తున్నారు. "ఇంకెంత దూరం, గన్నవరం వెళ్ళిపోతే సీతమ్మ గారి ఇంట్లో అన్నం తినేద్దాం" అని పెద్దవాళ్ళు సముదాయిస్తుంటే ఆవిడ చెవినబడింది. వెంటనే పల్లకీ వెనక్కి తిప్పించి ఇంటికెళ్ళి పొయ్యి వెలిగించారంటారు. కథలో ఎంత నిజమోగానీ, అంతర్వేది నరసింహస్వామిని ఆ ఏడు చూడకుండా తిరిగొచ్చిన ఆ మనిషిని ఈ సీమ దేవుడికన్నా ఎక్కువగానే తలుచుకుంటుంది. 1903లో ఏడో ఎడ్వర్డ్ పట్టాభిషేకపు ఉత్సవంలో ఆవిడ ఫోటో పెట్టి గౌరవించారన్న మాట కూడా ఇక్కడి ప్రతి ఇంట్లో వినిపిస్తుంది. 1909లో ఆవిడ పోయారు. ఏటికి వంతెన ఉండి ఉంటే ఆ ఇంటి ముందు ఎవరు ఆగేవారు? యాత్రికులు బల్లకట్టు కోసం కాచుక్కూచున్న ఆ గంటల్లోంచే సీతమ్మ గారు పుట్టారు.

ఆ యాత్రికుల్లో ఎక్కువమంది పోయేది అంతర్వేదికే. వశిష్ఠ సముద్రంలో కలిసే చోటు, భూమికి చివర. ఇప్పటి గుడిని కొపనాతి కృష్ణమ్మ కట్టించారు, 1823లో పూర్తయింది. అంటే కాటన్ కన్నా ముందే. మాఘమాసంలో కల్యాణం, భీష్మ ఏకాదశినాడు రథం. 2020 సెప్టెంబరులో ఓ రాత్రి పాత రథం కాలిపోయింది, తరవాతి ఏడాది ఫిబ్రవరికల్లా కొత్త రథం బయటికొచ్చింది. ఏరూ సముద్రమూ కలిసే దగ్గర అన్నాచెల్లెళ్ళ గట్టు అని ఒకటుంది. అటు నీళ్ళ రంగు వేరు, ఇటు నీళ్ళ రంగు వేరు. నరసాపురం నుంచి వచ్చేవాళ్ళు సఖినేటిపల్లి రేవులో ఇప్పటికీ పంటే ఎక్కుతారు. అయినవిల్లి వినాయకుడు, అప్పనపల్లి బాలబాలాజీ, మురమళ్ళ వీరేశ్వరుడు, ర్యాలి జగన్మోహిని, మందపల్లి శని. ఒక్క రోజులో ఇవన్నీ తిప్పేస్తామని బస్సులు వస్తాయి. తిప్పేస్తాయి కూడా. సాయంత్రానికి ఏ దేవుడు ఏ ఊళ్ళో ఉన్నాడో ఎవరికీ గుర్తుండదు.

నన్నడిగితే వీటన్నిటికన్నా చూడవలసిన చోట గుడే లేదు. అంబాజీపేట మండలం మొసలపల్లి శివారులో జగ్గన్నతోట అని ఓ కొబ్బరితోట. ఏడాదిలో 364 రోజులు అక్కడ కాయలు, మట్టలు, గడ్డి మేసే గేదెలు తప్ప ఏమీ ఉండవు. కనుమ రోజున మాత్రం చుట్టుపక్కల ఊళ్ళనుంచి పదకొండుమంది శివుళ్ళు అక్కడికి వస్తారు. వ్యాఘ్రేశ్వరం, పుల్లేటికుర్రు, మొసలపల్లి, గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం, ఇరుసుమండ, వక్కలంక, నేదునూరు, ముక్కామల, పాలగుమ్మి, పెదపూడి. ఏకాదశ రుద్రులు. ఈ తీర్థం నాలుగు వందల ఏళ్ళనాటిదని ఊళ్ళలో అంటారు. పెద్దాపురం సంస్థానపు వత్సవాయి జగన్నాథరాజు పేరుమీదనే ఆ తోటకి జగ్గన్నతోట అని వచ్చిందని మరో మాట. కాయితాలు చూపించమంటే ఎవరూ చూపించలేరు. ప్రభ మోసేవాడి భుజం మీద కాయ కాసిన మచ్చ చూపిస్తారు.

ప్రభ అంటే పండగనాటికి కట్టే గుడి. కింద మోతకర్రలు, పైన వెదురు వంచి కట్టిన పెద్ద కమాను. దానికి రంగురంగుల కొత్త బట్టలు చుడతారు, నూలు దండలు, మువ్వలు, నెమలి పింఛాలు, కొత్త వరికంకుల కుచ్చులు వేలాడదీస్తారు. నడుమ స్వామి ఉత్సవ విగ్రహం. కొన్ని ప్రభలు రెండంతస్తుల మేడంత ఉంటాయి. రోడ్డున్నచోట రోడ్డుమీద, లేనిచోట పొలంలోంచి వస్తాయి. చేను తొక్కుకుపోయిందని రైతు ఏడవడు, శివుడు మా చేలో నడిచాడని మురిసిపోతాడు. ఆతిథ్యం మొసలపల్లి భోగేశ్వరుడిది. ఆయన ముందొచ్చి కూర్చుంటాడు, అందరినీ సాగనంపి ఆఖర్న వెళతాడు. వ్యాఘ్రేశ్వరుడు పెద్దాయన. ఆయన ప్రభ తోటలోకి రాగానే అప్పటికే దిగి ఉన్న ప్రభలన్నిటినీ ఒక్కసారి పైకెత్తి దించుతారు. ఇంటికి పెద్దాయనొస్తే లేచి నిలబడ్డట్టు. ఊళ్ళ మధ్య మర్యాద ఎలా ఉండాలో ఈ పద్ధతిలోనే ఉంది.

ఆ ప్రభ 2023 గణతంత్ర దినోత్సవం నాడు ఢిల్లీ కర్తవ్యపథ్‌లో రాష్ట్ర శకటమై నడిచింది. బాగానే ఉంది. టీవీలో చూసి మా పెద్దమ్మ అన్నది ఒకటే మాట: "మోసేవాళ్ళేరిరా?"

వంతెనలు ఒక్కొక్కటే వచ్చాయి. యానాం-ఎదుర్లంక వంతెన 2002లో తయారైంది. దానికి అమలాపురం ఎంపీ, లోక్‌సభ స్పీకరు జీఎంసీ బాలయోగి పేరు పెట్టారు. ఆ మార్చిలోనే ఆయన హెలికాప్టర్ కూలి పోయారు. వశిష్ఠ మీద చించినాడ వంతెన వచ్చింది, దాని పక్కనే దిండిలో పర్యాటక శాఖవారి రిసార్టు, హౌస్‌బోట్లు వచ్చాయి. కోనసీమని "ఆంధ్రా కేరళ" అంటుంటారు. ఈ మాట వింటే నాకు ఒళ్ళుమండుతుంది. కొబ్బరిచెట్టూ పడవా ఉన్నచోటల్లా కేరళేనా? అక్కడి పడవ అక్కడి నీటికి పుట్టింది. మన నావ మన కాలువకి పుట్టి, లారీలు రాగానే ఒడ్డున ఎండి పుల్లలైపోయింది. దాన్ని మళ్ళీ చేయించి లొల్ల నుంచి గన్నవరం దాకా ఒక్క పడవ నడిపితే, లాకు తలుపు తెరుచుకోవడం చూడ్డానికి నేనే టిక్కెట్టు కొంటాను. ఆత్రేయపురం పూతరేకుకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దాన్ని పెట్టెలో కొనుక్కుపోవడంకన్నా, బోర్లించిన కుండ మీద పిండినీళ్ళలో ముంచిన గుడ్డ ఒక్కసారి పరిచి తీసేసరికి రేకు ఊడిరావడం చూడ్డం మేలు. తయారు చేసే ఆడవాళ్ళు ఆ సెగముందు గంటలకొద్దీ కూర్చుంటారు, మనం నిలబడ్డది అయిదు నిమిషాలు.

2022లో అమలాపురం జిల్లా కేంద్రం కూడా అయింది. మిగిలింది రైలు. కాకినాడ-కోటిపల్లి లైను పట్టాల్ని రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో పీక్కుపోయారు, మళ్ళీ వేసి రైలు తిప్పేసరికి 2004 వచ్చింది. కోటిపల్లి నుంచి అమలాపురం మీదుగా నరసాపురం దాకా పొడిగించే పని సాగుతోంది. గౌతమిలో స్తంభాలు లేచాయి. పంటు వాటి పక్కనుంచే పోతుంది. స్తంభాల నెత్తిన కొంగలు కూర్చుని ఉంటాయి.

పోయిన కనుమకి గంగలకుర్రు ప్రభ కోసం కౌశిక గట్టున నిలబడ్డాను. పురాణం చెప్పే గోదావరి ఏడు పాయల్లో కౌశిక ఒకటి, ఇప్పుడు చూస్తే ఓ కాలువ. "అశ్శరభ శరభ" అంటూ దూరంనుంచి కేక వినపడింది, తర్వాత డప్పు, ఆ తర్వాత చెట్లపైనుంచి ప్రభ తల. మోతగాళ్ళు గట్టు దిగారు. నీళ్ళు మోకాళ్ళకి, నడుముకి, ఛాతీకి వచ్చాయి. ముందున్నవాళ్ళు పీకలదాకా మునిగారు. మోతకర్రలు భుజాలనుంచి చేతుల్లోకి లేచాయి. ప్రభ ఒక్క క్షణం పక్కకి వాలింది, గట్టుమీద అందరం ఊపిరి బిగబట్టాం. వెనకాల తాడు పట్టుకున్నవాళ్ళు లాగి నిలబెట్టారు. నా పక్కనున్న పిల్లాడు వాళ్ళ నాన్నని అడిగాడు, "దేవుడికి ఈత రాదా నాన్నా?" అని. ఆయన సమాధానం చెప్పలేదు. అప్పటికే చొక్కా విప్పి కొడుకు చేతికిచ్చి నీళ్ళలోకి దిగుతున్నాడు.