యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనలు

యల్లాప్రగడ సుబ్బారావు (1895 - 1948) జీవకణంలో శక్తి వినియోగాన్ని వెలుగులోకి తెచ్చిన శాస్త్రవేత్తలలో ఒకడు. ఫోలిక్ ఆమ్లం, అమినోప్టెరిన్, హెట్రజాన్ వంటి ఔషధాలు ఈయన నాయకత్వంలోనే రూపొందాయి.

నేపథ్యం

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించాడు. రాజమండ్రిలో చదువుకొని, మూడవ ప్రయత్నంలో మద్రాసు నుండి మెట్రిక్యులేషన్ ఉత్తీర్ణుడయ్యాడు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించి ఆచార్యుని ఆగ్రహానికి గురికావడంతో ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టా మాత్రమే లభించింది. ఈయన సోదరులిద్దరు స్ప్రూ వ్యాధితో కొద్దిరోజుల తేడాలో మరణించారు. ఆహారసారం ఒంటికి పట్టక, విరేచనాలతో, రక్తహీనతతో మనిషిని క్షీణింపజేసే వ్యాధి ఇది. సుబ్బారావు కూడా దీని బారినపడి కోలుకున్నాడు.

మామగారి సాయంతోను, సామర్లకోటకు పొరుగునే ఉన్న కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఇచ్చిన హామీతోను 1920ల ఆరంభంలో అమెరికా చేరాడు. అక్కడ ఆసుపత్రిలో చిన్న పనులు చేసుకుంటూ హార్వర్డ్‌లో చదివాడు.

కణశక్తిపై పరిశోధన

సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో రక్తమూత్రాలలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రకటించాడు. భాస్వరం మాలిబ్డేటుతో కలిసినపుడు ఏర్పడే పదార్థాన్ని క్షయకరణం చేస్తే నీలిరంగు వస్తుంది. ఆ రంగు ఎంత చిక్కగా ఉంటే భాస్వరం అంత ఎక్కువ. చూడటానికి చిన్నదే అయినా, తరువాతి ఆవిష్కరణలకు ఈ పద్ధతే ఆధారం. దీని సాయంతోనే 1927లో కండరంలో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏ.టి.పి.ని వీరు గుర్తించారు. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమన్ కూడా ఏ.టి.పి.ని స్వతంత్రంగా కనుగొన్నాడు. కండర సంకోచానికి లాక్టిక్ ఆమ్లమే మూలమన్న భావన అప్పటికి ప్రబలంగా ఉండేది. దాని ప్రతిపాదకులు హిల్, మేయర్‌హోఫ్‌లకు 1922 నోబెల్ బహుమతి కూడా లభించింది. ఫాస్ఫోక్రియాటిన్ ఆ భావనను కదిలించింది.

1930లో డాక్టరేటు పొందినా హార్వర్డ్‌లో ఈయనకు శాశ్వత స్థానం దక్కలేదు. సుబ్బారావు వేరుచేసిన కొన్ని న్యూక్లియోటైడులను ఫిస్క్ వెలుగు చూడనివ్వలేదనీ, వాటిని ఇతరులు మళ్ళీ కనుగొనవలసి వచ్చిందనీ సహచరుడు జార్జ్ హిచింగ్స్ (1988 నోబెల్ గ్రహీత) తరువాత చెప్పాడు.

లెడర్లీలో

1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ ప్రయోగశాలలో చేరి పరిశోధనలకు నాయకత్వం వహించాడు. గర్భిణుల రక్తహీనతను ఈస్టు సారంతో నయం చేయవచ్చని లూసీ విల్స్ బొంబాయిలో 1930ల ఆరంభంలోనే చూపింది. అందులోని పోషకమైన ఫోలిక్ ఆమ్లాన్ని సుబ్బారావు బృందం 1945లో కృత్రిమంగా తయారుచేసింది. సోదరులను బలిగొన్న స్ప్రూకు కూడా ఇది మందయింది.

కణం విభజన చెందాలంటే డి.ఎన్.ఎ. తయారు కావాలి, అందుకు ఫోలిక్ ఆమ్లం అవసరం. కాబట్టి దానిని పోలి ఉండి, దాని పనిని అడ్డుకునే పదార్థమైతే కాన్సరు కణాల పెరుగుదలను ఆపగలదు. లెడర్లీ తయారుచేసిన అటువంటి పదార్థమే అమినోప్టెరిన్. సిడ్నీ ఫార్బర్ దీనిని రక్తకాన్సరు సోకిన 16 మంది పిల్లలకు ఇవ్వగా 10 మందిలో గుణం కనిపించింది. ఆ ఉపశమనం తాత్కాలికమే. అయినా 1948 జూన్‌లో వెలువడిన ఆ ఫలితాలతో కాన్సరు రసాయన చికిత్స కొత్త మలుపు తిరిగింది. దీనికి దగ్గరి బంధువైన మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉంది.

బోదకాలుకు కారణమైన ఫైలేరియా క్రిములపై పనిచేసే హెట్రజాన్ (డైఇథైల్‌కార్బమజైన్) 1947లో ఈ ప్రయోగశాల నుండే వచ్చింది. ఇది రక్తంలోని సూక్ష్మక్రిములను నశింపజేస్తుంది కాని, ఏళ్ళ తరబడి పెరిగిన వాపును తగ్గించలేదు. 1955లో మొదలైన భారత జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమానికి ఇదే ప్రధాన ఔషధమైంది. బోదకాలు చిరకాలం పీడించిన గోదావరి జిల్లాలకు ఈ మందు ఆ జిల్లాలవాడి కృషి ఫలితంగానే అందింది.

సుబ్బారావు 1948 ఆగస్టులో న్యూయార్క్‌లో మరణించాడు. ఒక శిలీంధ్రానికి సుబ్బారోమైసిస్ అని ఈయన పేరు పెట్టారు. 1995లో శతజయంతి సందర్భంగా భారత తపాలా శాఖ స్మారక బిళ్ళను విడుదల చేసింది.