రూపాయికి కానీ

తెనాలిలో బయల్దేరిన పాసింజరు చినరావూరు, వేమూరు దాటి భట్టిప్రోలు వైపు సాగుతుంటే కిటికీ పక్కన వరిచేలు, కాలవగట్లు, అరటితోటలు వెనక్కి పోతుంటాయి. ఆపైన పల్లికోన, ఆ తర్వాత రేపల్లె. అక్కడితో పట్టాలు అయిపోతాయి. మొత్తం 34 కిలోమీటర్లు. దేశపటంలో గోటితో గీసిన గీతంత లైను ఇది. దీన్ని 1916లో వేయించింది లండన్ కంపెనీ కాదు, ఢిల్లీ సర్కారూ కాదు. గుంటూరు జిల్లా బోర్డు. ఊళ్ల మధ్య రోడ్లు, బళ్లు, ఆసుపత్రులు చూసుకునే స్థానిక సంస్థ అప్పట్లో ఒక రైలుమార్గానికి యజమాని. అంతకు ఎనిమిదేళ్ల ముందే, 1908లో, బెజవాడ నుంచి బందరుకు, అంటే ఇప్పటి మచిలీపట్నానికి, పడ్డ లైను కూడా అలాంటిదే. అది కృష్ణా జిల్లా బోర్డు ఆస్తి.

ఆ డబ్బు ఎక్కడిదో తెలియాలంటే శిస్తు లెక్కల్లోకి వెళ్లాలి.

మద్రాసు రాజధానిలో రోడ్ల కోసం ప్రత్యేకంగా పన్ను వేయడం 1866లో మొదలైంది. భూమి మీద రూపాయికి అర్ధణా మించకుండా రోడ్డు సెస్సు. 1871లో లోకల్ ఫండు చట్టం వచ్చి దాన్ని అణా వరకూ పెంచుకోనిచ్చింది. 1882లో రిప్పన్ ప్రభువు స్థానిక స్వపరిపాలన తీర్మానం చేశాక, 1884 చట్టంతో జిల్లా బోర్డులు, తాలూకా బోర్డులు, యూనియన్ పంచాయతీలు ఏర్పడ్డాయి. శిస్తుతో పాటే సెస్సు కూడా వసూలయ్యేది. జమీందారీ ఊళ్లలో జమీందారు కట్టి, అందులో సగం రైతు దగ్గర రాబట్టుకునేవాడు. ఆ రోజుల్లో మొదలైన రోడ్లనూ ఆసుపత్రులనూ పాతకాలం వాళ్లు చాలాకాలం ‘లోకల్‌ఫండు రోడ్డు’, ‘లోకల్‌ఫండు ఆసుపత్రి’ అనే పిలిచారు. డబ్బు ఏ ఖాతాలోదో పేరులోనే ఉండేది.

సెస్సు ఒక్కటే కాదు. రోడ్ల మీద టోల్‌గేట్లు ఉండేవి, వాటిని ఏటా వేలం పాడేవారు. నదీ రేవులకూ పాటే. బందెలదొడ్డి రుసుములు, సంతల రుసుములు కూడా బోర్డు ఖజానాకే. చివరికి రోడ్డు పక్క చింతచెట్ల కాపు కూడా బోర్డు ఆదాయమే. ఎండన పడి పోయే బండివాడికీ ఎడ్లకూ నీడనిచ్చిన చెట్టు, కాపు కాలంలో ఆ రోడ్డు ఖర్చుకు తన వంతు చెల్లించేది.

డెల్టాలో రోడ్డు వేయడం ఎంత కష్టమో భట్టిప్రోలుకు తెలిసినంతగా మరో ఊరికి తెలియదు. అక్కడి నేల నల్లరేగడి. వానాకాలంలో బండి ఇరుసుదాకా దిగబడుతుంది. ఎంత తవ్వినా గులకరాయి దొరకదు. కంకర కావాలంటే కొండలున్న చోటి నుంచి పడవల మీద తేవాలి. అందుకని కాంట్రాక్టర్ల కళ్లు ఊరి పక్కనున్న ఇటుకల దిబ్బ మీద పడ్డాయి. అది రెండువేల ఏళ్లనాటి బౌద్ధ స్తూపం. దాని ఇటుకలు రోడ్ల కింద పరుచుకుపోయాయి, రాతిపలకలు కాలవ పనులకు పోయాయి. 1892లో పురావస్తు అధికారి అలెగ్జాండర్ రే వచ్చి తవ్వించేసరికి మిగిలింది అడుగుభాగమే. ఆ అడుగులోనే అక్షరాలు చెక్కిన రాతి భరిణెలు దొరికాయి. తెలుగునేల మీద దొరికిన అతి పాత శాసనాల్లో అవి ఉన్నాయి. వాటి మీదుండిన కట్టడమంతా బండిచక్రాల కింద పొడై పోయింది. ఈ నష్టాన్ని ఏ లెక్కలోనూ ఎవరూ రాయలేదు.

రోడ్డు ఇంత భారమైనచోట కాలవలే దారులయ్యాయి. 1855 నాటికి బెజవాడ ఆనకట్ట పూర్తయింది, బందరు కాలవలో పడవలు తిరిగాయి. అయినా బందరు చిక్కిపోతూనే ఉంది. 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన సుమారు 30 వేల ప్రాణాలు తీసుకుపోయింది. ఓడలు ఒడ్డుకు రాలేక దూరంగా సముద్రంలోనే లంగరు వేసే రేవు అది. 1889లో నిజాం రైలు బెజవాడ చేరింది. 1899లో మద్రాసు నుంచి లైను కలిసింది. సరుకంతా బెజవాడ వైపు మళ్లింది. జిల్లా కేంద్రం బందరు, రైలు మాత్రం బెజవాడకు. ఆ 80 కిలోమీటర్ల దూరం బందరు వర్తకానికి ఉరితాడైంది.

దారి చూపింది తంజావూరు. అక్కడి జిల్లా బోర్డు అదనపు సెస్సు వసూలు చేసి, ఆ డబ్బు కూడబెట్టి, 1894లో మాయవరం నుంచి ముత్తుపేటకు సొంత రైలు నడిపించింది. 1903లో దాన్ని అరంతాంగి దాకా పొడిగించింది. కృష్ణా జిల్లా ఆ బాటే పట్టింది. రైల్వే సెస్సు రూపాయికి 3 పైలు, అంటే కానీ. 50 రూపాయల శిస్తు కట్టే రైతుకు ఏడాదికి పన్నెండున్నర అణాలు. ఒక్కొక్క ఇంటికి అది పెద్ద మొత్తంగా అనిపించకపోవచ్చు. జిల్లా మొత్తం మీద ఏళ్ల తరబడి పోగైతే పట్టాలకు పెట్టుబడి అవుతుంది. బోర్డు లైనుకు యజమాని, మద్రాసు అండ్ సదరన్ మరాఠా రైల్వే కంపెనీ రైళ్లు నడుపుతుంది. ఇదీ ఏర్పాటు. కోయంబత్తూరు జిల్లా బోర్డు 1915లో పోదనూరు–పొల్లాచ్చి లైను వేసుకున్నా, తిరునల్వేలి బోర్డు 1923లో తిరుచెందూరుకు రైలు తెచ్చుకున్నా, అందరిదీ ఇదే దారి.

దీన్ని స్వర్ణయుగమనడం తప్పు. మొదట్లో బోర్డు ప్రెసిడెంటు కలెక్టరే. సభ్యుల్లో జమీందార్లు, వకీళ్లు, పెద్ద భూస్వాములు. కౌలుదారుకూ కూలివాడికీ ఆ బల్ల దగ్గర కుర్చీ లేదు. జిల్లా భూమి మీద వేసే పన్నుతో లైను డెల్టా మీదుగా పోతే మెట్టరైతుకు మిగిలేదేమిటన్న ప్రశ్నకు సరైన జవాబు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. అయితే ఒకటి మాత్రం నిజం. ఎవరు కడుతున్నారు, దేనికి కడుతున్నారు, ఎక్కడ ఖర్చవుతోంది అన్న మూడూ ఒక్క జిల్లా సరిహద్దులోనే ఉండేవి. రైతు తాను ఇచ్చిన కానీని బందరు స్టేషన్లో కళ్లారా చూసుకోగలిగాడు.

1920లో కొత్త చట్టం వచ్చింది. ఆ తర్వాత స్థానిక స్వపరిపాలన శాఖ చేపట్టిన మంత్రి పానగల్లు రాజా, కాళహస్తి తెలుగువాడు. బోర్డుల్లో ఎన్నికైనవాళ్ల బలం పెరిగింది. కానీ డబ్బు సంగతి వేరే దారి పట్టింది. రోడ్ల మీదికి మోటార్లు వచ్చాయి. గేటు గేటుకూ ఆగి సుంకం కట్టే పద్ధతి బస్సుకు సరిపడలేదు. 1931లో మద్రాసు ప్రభుత్వం మోటారు వాహనాల పన్ను చట్టం చేసి టోల్‌గేట్లు ఎత్తేసింది. పన్ను మద్రాసుకు చేరుతుంది, అక్కడి నుంచి బోర్డులకు పరిహారం వస్తుంది. ప్రయాణికుడికి ఇది మేలే. బోర్డుకు మాత్రం సొంత రాబడి పోయి గ్రాంటు మిగిలింది. 1934లో బొబ్బిలి రాజా ప్రభుత్వం తాలూకా బోర్డులను రద్దు చేసింది.

తర్వాత బస్సుల వంతు. 1958 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ ఏర్పడి, కృష్ణా జిల్లా మార్గాలను తన చేతిలోకి తీసుకోవడానికి పథకం తయారుచేసింది. ప్రైవేటు యజమానులు సుప్రీంకోర్టుకు వెళ్లారు. అభ్యంతరాలు విన్నది కార్యదర్శి, ఉత్తర్వు ఇచ్చింది ముఖ్యమంత్రి, విన్నవాడు ఒకడైతే తీర్పరి మరొకడు కావడం న్యాయం కాదని కోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. గుళ్లపల్లి నాగేశ్వరరావు కేసుగా న్యాయశాస్త్ర పుస్తకాల్లోకెక్కిన తీర్పు అదే. మళ్లీ ముఖ్యమంత్రే స్వయంగా విన్నారు, 1959లో పథకం నిలబడింది. అదే ఏడాది అక్టోబరు 11న షాద్‌నగర్‌లో నెహ్రూ పంచాయతీరాజ్‌ను ప్రారంభించారు. జిల్లా బోర్డుల చోట జిల్లా పరిషత్తులు వచ్చాయి. వాటి చేతికి రోడ్లూ బళ్లూ అందాయి గానీ, రైలు వేసుకుందామని తలపెట్టే సత్తువ అందలేదు.

పటం మీద చూస్తే గుంటూరు బోర్డు లైను కృష్ణకు పడమట రేపల్లెలో ఆగుతుంది. కృష్ణా బోర్డు లైను నదికి తూర్పున బందరులో ఆగుతుంది. మధ్యలో ఉన్నది కృష్ణ, దివిసీమ. అప్పట్లో ఏ జిల్లా కానీలు ఆ జిల్లా గట్టు దగ్గరే ఆగాయి, నది దాటించడానికి రెండు జిల్లాల ఉమ్మడి ఖాతా లేకపోయింది. ఇప్పుడు పెనుమూడి–పులిగడ్డ వారధి మీద బస్సులు తిరుగుతున్నాయి. రేపల్లె–మచిలీపట్నం రైలు లైను కోసం మాత్రం రెండు ఒడ్ల జనం ఢిల్లీకి అర్జీలు పంపుతూనే ఉన్నారు.