చేతికందిన రొక్కం – తెనాలి, బాపట్ల, రేపల్లె బీద కుటుంబాల చరిత్ర

బీదవారికి బియ్యం ఇస్తే మేలా, బట్టలిస్తే మేలా, రొక్కం ఇస్తే మేలా? ఈ చర్చ ఏటా రంజాన్ ముందు మన సమావేశాల్లో వస్తూనే ఉంటుంది. రొక్కమిస్తే నాలుగు రోజుల్లో ఖర్చయిపోతుందని కొందరంటారు. చీర అయితే ఒంటి మీద కనబడుతుందని మరికొందరంటారు. ఇద్దరూ మంచి మనసుతో అనేవే. అయితే ఈ ప్రశ్నకు జవాబు మన తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల చరిత్రలోనే కొంత దొరుకుతుందని మాకు తోచింది. అందుకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

చేతికి రొక్కమివ్వటం మనకు క్రొత్త సంగతి కాదు. మిగులు ధనంలో నూటికి రెండున్నర చొప్పున జకాత్ తీయటం, దానిని ఖురాన్ చెప్పిన ఎనిమిది తరగతుల వారికి అందజేయటం ప్రతి ఇంటికీ తెలిసిన విషయమే. హజ్రత్ ఉమర్ ఖలీఫాగా ఉన్న కాలంలో దీవాన్ అనే పట్టీ పెట్టి, పేరు పేరునా వ్రాయించి, బైతుల్ మాల్ నుంచి ఏటేటా భృతి ఇప్పించారు. పేరు పట్టీలో ఉండటం, మొత్తం ముందే తెలియటం, గడువుకు అందటం అనే మూడూ అందులో ఉన్నాయి. ఈ మూడింటినీ పాఠకులు గుర్తుంచుకోవాలి. ముందు ముందు మళ్ళీ వీటి అవసరం వస్తుంది.

ఇక మన ప్రాంతానికి వద్దాం. 1832-33లో గుంటూరు సీమను ఊపివేసిన నందన కరువును పెద్దలు డొక్కల కరువు అన్నారు. సుమారు మూడో వంతు జనం నశించారు. ఆ దెబ్బ తరువాతే బెజవాడ వద్ద కృష్ణకు ఆనకట్ట కట్టారు. 1855 నాటికి అది పూర్తయింది. కాలువలు పారి తెనాలి, రేపల్లె తాలూకాలు వరి చేలతో పచ్చబడ్డాయి. పొలమున్నవారు బాగుపడ్డారు, అందులో సందేహం లేదు. కాని మనవారిలో అనేకులకు పొలం లేదు. దూది ఏకేవారు, కుట్టుపనివారు, గాజుల బేరం చేసేవారు, బండి తోలేవారు రోజు కూలి మీదే బ్రతికారు. వానాకాలంలో దూది ఏకే విల్లు గోడకు వ్రేలాడేది. ఊళ్ళో ధాన్యం ఉన్నా, కొనటానికి వీరి చేతిలో డబ్బు ఉండేది కాదు. 1880లో కరువుల కమీషను వారు సైతం ఇదే తేల్చారు. కరువంటే తిండి లేకపోవటం మాత్రమే కాదు, కూలి దొరక్క కొనే శక్తి పోవటం కూడా అన్నారు. వంద ఏళ్ళ తరువాత, 1981లో, అమర్త్య సేన్ గారు తన గ్రంథంలో దీనినే లెక్కలతో ఋజువు చేశారు.

1977 నవంబరు 19, శనివారం. బక్రీదు ఇంకా రెండు మూడు రోజులుంది. దివిసీమ తుపాను అని లోకం పిలిచే ఆ ఉప్పెన కృష్ణకు ఆవలి ఒడ్డునే కాదు, ఈవలి ఒడ్డున రేపల్లె, నిజాంపట్నం, బాపట్ల తీరాలను కూడా ముంచింది. తాటి చెట్టంత అలలని చూసినవారు చెప్పుకున్నారు. బాపట్లలో చర్చిలో తలదాచుకున్నవారు సుమారు వంద మంది ఆ భవనం కూలి మరణించారు. మొత్తం చావులు పదివేల దాకా అని ప్రభుత్వ లెక్క, అంతకు మించి అని తక్కిన వారి లెక్క. దేశమంతా స్పందించింది. రామారావు గారు, నాగేశ్వరరావు గారు జోలె పట్టి విరాళాలు వసూలు చేశారు. బియ్యం, దుప్పట్లు, పాత బట్టలు లారీల మీద వచ్చాయి. తరువాత పక్కా ఇళ్ళు కూడా కట్టారు.

ఆ సహాయాన్ని తక్కువ చేసే ఉద్దేశం మాకు లేదు. ఆ వారం అన్నం పొట్లమే ప్రాణం నిలబెట్టింది. అంగళ్ళు కొట్టుకుపోయిన చోట రూపాయి నోటు ఎవరికి కావాలి? కాని నెల గడిచింది, అంగళ్ళు తెరిచారు. అప్పుడు ఒకరికి వల కావాలి, ఒకరికి కుట్టు మిషను కావాలి, ఒకరికి కూతురు పెళ్ళికి తెచ్చిన అప్పు తీరాలి. లారీలో వచ్చేది మాత్రం అందరికీ ఒకటే. అయిదు దుప్పట్లున్న ఇంటికి ఆరోది వస్తే అది సంతకు పోయి సగం ధరకు అమ్ముడవుతుంది. ఆ సగం ధర రొక్కమే గదా వారికి నిజంగా కావలసినది!

ఈ గ్రహింపు ప్రభుత్వాలకు ఆలస్యంగా వచ్చింది. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజి దగ్గర 11 లక్షల 43 వేల క్యూసెక్కుల వరద వచ్చింది. అంతకు ముందెన్నడూ అంత లేదు. మన కొల్లూరు, భట్టిప్రోలు, రేపల్లె వైపు లంకలు మునిగాయి. ఆ వరదలోనే విజయవాడలో నీట మునిగిన క్రింది అంతస్తు ఇళ్ళకు 25,000 రూపాయలు, పై అంతస్తులకు 10,000 చొప్పున ప్రభుత్వం నేరుగా బ్యాంకు ఖాతాల్లో వేసింది. స్టవ్వు కొనుక్కోవాలో, పరుపు కొనుక్కోవాలో ఆ ఇంటివారే నిర్ణయించుకున్నారు. 1977కు, 2024కు నడుమ ఇది పెద్ద మార్పు.

తుపాను ఎప్పుడో వచ్చేది. వృద్ధాప్యం, వైధవ్యం ప్రతి ఇంటికీ వచ్చేవి. అందువల్ల పింఛను కథ కొంచెం విపులంగా చెప్పాలి.

1995 ఆగస్టు 15న కేంద్ర ప్రభుత్వం జాతీయ సామాజిక సహాయ పథకం పెట్టి వృద్ధులకు నెలకు 75 రూపాయలు ఇవ్వసాగింది. ఆ రోజుల్లో కోటా లెక్క ఉండేది. పట్టీలో ఒకరు కన్ను మూస్తే గాని ఇంకొకరి పేరు ఎక్కేది కాదు. ఊళ్ళో ఎవరైనా పోయారంటే, జనాజా సాగక ముందే ఆ పింఛను ఎవరికన్న మాట పుట్టేదంటే పాఠకులు ఊహించుకోగలరు. రాజశేఖరరెడ్డి గారి కాలంలో అది 200 అయింది. 2014 అక్టోబరులో చంద్రబాబు నాయుడు గారు దానిని 1,000 చేశారు, 2019 జనవరిలో 2,000 చేశారు. అదే ఏడు జగన్మోహనరెడ్డి గారి ప్రభుత్వం 2,250 చేసి, వయసును 65 నుంచి 60కి తగ్గించి, మెట్టు మెట్టుగా 2024 జనవరికి 3,000 చేసింది. 2024 జూలై 1న అది 4,000 అయింది. పాత బకాయిలతో కలిపి ఆ రోజు 7,000 చేతిలో పెట్టారు. ఆ పంపిణీని ముఖ్యమంత్రి మన గుంటూరు జిల్లా పెనుమాకలోనే ప్రారంభించారు. పార్టీలు మారినా మొత్తం తగ్గలేదు, పెరుగుతూనే వచ్చింది. కేంద్రం వాటా మాత్రం 80 ఏళ్ళ లోపు వారికి 2007 నాటి 200 దగ్గరే ఏళ్ళ తరబడి నిలిచిపోయింది.

ఈ 4,000 ఇంట్లో ఏం చేస్తుంది? మొదట వడ్డీని ఆపుతుంది. నూటికి అయిదు వడ్డీకి 10,000 తెచ్చిన ఇల్లు నెలకు 500, ఏడాదికి 6,000 వడ్డీకే పోస్తుంది. అసలు అలాగే ఉంటుంది. 2015 డిసెంబరులో విజయవాడలో బయటపడిన కాల్‌మనీ దారుణాలు మన దాకా రాలేదనుకోవటం అమాయకత్వం. 2006లో సచార్ కమిటీ చెప్పినట్టు, బ్యాంకు అప్పు ముస్లిములకు వారి జనాభాకు తగినంత దొరకదు. దొరకనివారు ఎవరి దగ్గరికి పోతారు? ఒకటో తారీఖున తప్పక వచ్చే రొక్కం ఉన్న ఇంటికి పచారీ కొట్టువాడు ఖాతా వ్రాస్తాడు, మందుల షాపువాడు వారం ఆగుతాడు. మొత్తం పెద్దదా చిన్నదా అనేదాని కంటే తేదీ ఖాయంగా ఉండటమే ఇక్కడ పని చేస్తున్నది.

రెండవది, ఇంట్లో ముసలివారి మాటకు విలువ వచ్చింది. కోడలి చేతి వైపు చూసే దాదీ ఇప్పుడు మనవరాలికి నోటు పుస్తకాలు కొనిపెడుతున్నది. ఇది మా మాట మాత్రమే కాదు. దక్షిణాఫ్రికాలో నల్లవారికి పెద్ద మొత్తంలో వృద్ధాప్య పింఛను వచ్చిన తరువాత, ఎస్తేర్ డుఫ్లో అనే ఆర్థిక శాస్త్రవేత్త లెక్కలు తీశారు. ఈమెకు 2019లో నోబెల్ బహుమతి వచ్చింది. నానీ దాదీల చేతికి పింఛను వచ్చిన ఇళ్ళలో ఆడపిల్లల బరువు, ఎత్తు మెరుగయ్యాయి. తాతల చేతికి వచ్చిన ఇళ్ళలో అలాంటి మార్పు కనబడలేదు. మన తాతలు కోపగించుకోరాదు, లెక్క అలా వచ్చింది!

తల్లి ఖాతాలో డబ్బు వేయటం వెనుక ఉన్న ఆలోచన ఇదే. మెక్సికోలో 1997లో మొదలైన పథకంలో పిల్లలను బడికి పంపితే తల్లికి డబ్బిచ్చారు. 2020 జనవరి 9న మన రాష్ట్రంలో అమ్మ ఒడి వచ్చింది, తల్లికి ఏడాదికి 15,000 అన్నారు. 2025 జూన్‌లో తల్లికి వందనం పేరుతో, ఇంట్లో ఎంతమంది పిల్లలు చదువుతుంటే అందరికీ అన్నారు. నిర్వహణ ఖర్చుకు 2,000 పోగా 13,000 చేతికి వచ్చింది. ఇద్దరు ముగ్గురు పిల్లలున్న మన ఇళ్ళకు ఆ తేడా చిన్నది కాదు. 2022 అక్టోబరు 1న మొదలైన షాదీ తోఫాలో పెళ్ళికూతురికి లక్ష రూపాయలు. కాని వధూవరులిద్దరూ పదో తరగతి ప్యాసై ఉండాలన్నారు. ఆడపిల్లను పదో తరగతి దాకా చదివించాలనే ఆశ పెట్టినందుకు మేము ఆ షరతును మెచ్చుకున్నాము. అయితే ఏడో తరగతిలోనే బడి మానిపించవలసి వచ్చిన ఇల్లే అన్నిటికంటే బీద ఇల్లు. దానికి ఆ లక్ష అందేది కాదు. షరతు పెట్టిన ప్రతి చోటా ఈ చిక్కు ఉన్నది.

మగవాళ్ళు తాగేస్తారు అన్న మాటకు కూడా జవాబు చెప్పాలి. మధ్యప్రదేశ్ గ్రామాల్లో సేవా సంస్థ వారు 2011 ప్రాంతంలో ఏ షరతూ లేకుండా పెద్దలకు నెలకు 200, తరువాత 300, పిల్లలకు అందులో సగం ఇచ్చి చూశారు. ఆ పరిశోధనలో ముఖ్యులు హైదరాబాదుకు చెందిన శరత్ దావల గారు. తిండి మెరుగయింది, పిల్లలు బడికి పోయారు, కొందరు గొడ్డూ గోదా కొనుక్కున్నారు. 2014లో ప్రపంచ బ్యాంకు పరిశోధకులు అనేక దేశాల అధ్యయనాలను పోగుచేసి చూస్తే, నగదు సహాయం వల్ల సారా, పొగాకు ఖర్చు పెరిగిన దాఖలా దొరకలేదు. తాగేవాడు డబ్బివ్వకున్నా తాగుతాడు, భార్య కష్టార్జితం లాక్కుని తాగుతాడు. దానికి మందు వేరు.

రొక్కం చేయలేని పనులు కూడా ఉన్నాయి. ఒక్క ఆపరేషను ఏడాది పింఛనును మింగేస్తుంది. 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ వంటిది లేకుంటే ఈ 4,000 ఆసుపత్రి గుమ్మం దాటదు. బడిలో పంతులు లేకుంటే తల్లి ఖాతాలోని 13,000 చదువు చెప్పదు.

ఇక పట్టీలో పేరు ఎక్కటం. ఆధారులో ఒక స్పెల్లింగు, రేషను కార్డులో ఒకటి, బ్యాంకు పుస్తకంలో ఇంకొకటి. ఒకే షేక్‌ను ఇంగ్లీషులో మూడు నాలుగు రకాలుగా వ్రాస్తారు. బీబీ ఒకచోట బేగం అవుతుంది, ఇంకొకచోట ఊడిపోతుంది. జీవితమంతా అంట్లు తోమిన చేతి వ్రేలిముద్ర మిషను మీద పడదు. 2020 ఫిబ్రవరి నుంచి వాలంటీర్లు ఇంటి గుమ్మంలో పింఛను ఇచ్చారు. 2024 మార్చి చివరలో ఎన్నికల సంఘం వారిని ఆపింది. మే నెల ఎండలో వృద్ధులు బ్యాంకుల ముందు నిలబడటం రాష్ట్రమంతా చూసింది. జూలై నుంచి సచివాలయ ఉద్యోగులు ఇంటికి తెచ్చి ఇవ్వసాగారు. నడుమ ఆ నెలల్లో మంచం దిగలేనివారు ఎంత అవస్థపడ్డారో వారి ఇళ్ళవారికి తెలుసు. 2022 ఏప్రిల్‌లో బాపట్ల జిల్లా ఏర్పడి రేపల్లె అందులో చేరింది, తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉండిపోయింది. కాబట్టి కలెక్టరు కచేరీకి పోవలసిన కాగితం ఏ ఊరిదో చూసుకుని మరీ పంపాలి. చదువుకున్న మన యువకులు వారానికొక పూట మసీదు వరండాలో కూర్చుని ఈ కాగితాలు సరిచేసిపెడితే, అది ఎన్ని చీరలకు సమానమో లెక్క వేయటం కష్టం.

మన జకాత్ సంగతి కూడా ఇక్కడే మాట్లాడుకోవాలి. ఉదాహరణకు 60,000 రూపాయలు పోగయిందనుకుందాం. 300 మందికి పంచితే ఒక్కొక్కరికి 200. పండుగ నాటి సేమ్యాలకు, పాలకు సరి. అదే పది మంది వితంతువులకు నెలకు 500 చొప్పున ఏడాది పొడుగునా ఇవ్వవచ్చు, ఒకరింట 10,000 అప్పు మీది వడ్డీ అంతే. 290 మందికి లేదని చెప్పటం ఎంత కష్టమో మాకూ తెలుసు. గుమ్మంలో నిలబడ్డవారిని త్రిప్పి పంపటం ఎవరికీ ఇష్టం కాదు. అయినా కనీసం సగం మొత్తమైనా ఈ విధంగా పెట్టి ఒక ఏడాది చూడాలని మేము కోరుచున్నాము. పేర్లు రంజాన్‌కు రెండు నెలల ముందే ఖాయం కావాలి. డబ్బు ఐదో తారీఖు దాటకుండా, నలుగురిలో పిలవకుండా, ఫోటోలు తీయకుండా ఆమె చేతికే అందాలి. కుట్టు మిషను కొనిపెడదామా, రొక్కమే ఇద్దామా అన్న ప్రశ్న వస్తే, కార్యవర్గం వోట్లు వేసుకోక ముందు ఆ తల్లినే ఒకమారు అడిగి రావాలి.